గోడకు చెమ్మ, అడ్వాన్సుకు కోత: ఒడిశా సరిహద్దు అద్దె ఇళ్లలో బూజు తగాదా

సంక్షిప్తంగా: అద్దె ఇంటి గోడ మీద నల్లమచ్చ కనబడితే ఓనరు "మీరు కిటికీలు తియ్యరు" అంటాడు, అద్దెకున్నవాళ్లు "మీ గోడే అంత" అంటారు. ఆ నీళ్లు నేలలోంచి ఎక్కాయా, బయటినుంచి దిగాయా, గదిలో ఆవిరే గోడ మీద చెమర్చిందా అన్నది తేలితే ఖర్చు ఎవరిదో చాలావరకు తేలిపోతుంది. బరంపురంలో ఒక రకం ఎక్కువ, కోరాపుట్‌లో ఇంకో రకం ఎక్కువ. ఇది తేల్చకుండా వేసిన రంగు మళ్లీ వానాకాలం దాకా ఆగదు.

బీరువా జరిపినప్పుడు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. చదువుకోడానికో ఉద్యోగానికో వ్యాపారానికో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చేవాళ్లూ ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదట అద్దె ఇంట్లోనే దిగుతారు. బూజు సంగతి సాధారణంగా దిగేరోజు కాదు, ఖాళీ చేసేరోజు బయటపడుతుంది. సామాను లారీకి ఎక్కిస్తూ బీరువా జరుపుతారు. వెనక గోడ మీద బీరువా ఆకారంలోనే బూడిదరంగు మచ్చ, దాని నిండా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. కింద గచ్చు మీద పెచ్చులు రాలి పొడిపొడిగా ఉంటాయి. బీరువాలో అడుగు అరలో పెట్టిన పట్టుచీర మడతల మీద గోధుమరంగు చారలు. చీర సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు, గోడ సంగతి మాత్రం అడ్వాన్సులోంచి పోతుంది.

తెలుగులో ఒక చిక్కుంది. సాలీడు గూడునూ బూజే అంటాం, ఊరగాయ మీద లేచే తెల్లటి పొరనూ బూజే అంటాం. మొదటిది చీపురుతో దులిపితే పోతుంది. రెండోది శిలీంధ్రం, అంటే ప్రాణమున్నది. దానికి తిండి కావాలి, నీళ్లు కావాలి. దుమ్ము, రంగులోని జిగురు, కాగితం, గుడ్డ, చెక్క దేన్నయినా తింటుంది కాబట్టి తిండి దొరక్కుండా చేయడం కుదరదు. మన చేతిలో ఉన్నది నీళ్లు ఆపడమొక్కటే. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొలకెత్తడం మొదలవుతుంది. గోడ మీద నీటిచుక్కలు కనబడాలని కూడా లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే చాలు.

నీళ్లు వచ్చే దారులు

మొదటి దారి నేల. ఇటుక, సిమెంటు, సున్నం అన్నిట్లోనూ సన్నటి రంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే అవి నేలలోని నీళ్లను పైకి లాగుతాయి. పునాది మీద నీటిని అడ్డుకునే పొర వెయ్యకపోతే, వేసినా చెడిపోతే, చెమ్మ సుమారు మూడడుగుల దాకా ఎక్కుతుంది. గది చుట్టూ ఒకే ఎత్తులో గీత గీసినట్టు మరక ఉండి, గీత దగ్గర తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేల చెమ్మే. రంగు అప్పడంలా ఉబ్బి, గోటితో నొక్కితే పెళుక్కున విరిగిపోతుంది.

ఆ ఉప్పు విషయం వేరేగా చెప్పుకోవాలి. నీళ్లు ఆవిరైపోతాయి, వాటితో పైకి వచ్చిన లవణాలు గోడలోనే ఉండిపోతాయి. అవి గాలిలోంచి కూడా తేమను పీల్చుకుంటాయి. వంటింట్లో ఉప్పుడబ్బా వానాకాలంలో ముద్ద కట్టడం ఇదే. అందుకే నేల చెమ్మను పూర్తిగా ఆపాక కూడా, ఉప్పెక్కిన గోడ ముసురు పట్టిన రోజున మళ్లీ తడిగా కనబడుతుంది. ఓనరు "మొన్ననే బాగుచేయించాను కదా" అనడం, అద్దెకున్నవాళ్లు "ఏం బాగుచేశారు?" అనడం ఇక్కడే మొదలవుతుంది. నిజానికి ఇద్దరూ అబద్ధమాడడం లేదు. ఉప్పు పట్టిన గిలాబాను మరక గీతకు ఒక అడుగు పైదాకా చెక్కి తీసేసి కొత్తది వేస్తే తప్ప ఈ పని పూర్తయినట్టు కాదు. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉప్పు తగిలే బోరునీళ్లతో కట్టిన ఇల్లయితే ఆ ఉప్పు కట్టడంతోనే లోపలికి వచ్చి ఉంటుంది.

రెండో దారి బయటినుంచి, పైనుంచి. శ్లాబు మీద వాటం సరిగా లేక నీళ్లు నిలవడం, వాననీటి గొట్టం ఆకులతో పూడుకుపోవడం, పిట్టగోడ పగులులో రావిమొక్క వేరు దిగడం, కిటికీ సన్‌షేడు గోడను కలిసేచోట బీట. ఈ మరకకు ఆకారం ఉండదు, ఏదో దేశపటంలా ఉంటుంది. వాన పడిన మర్నాడో ఆ మర్నాడో పెద్దదవుతుంది, పది రోజులు ఎండ కాస్తే చిన్నదవుతుంది. వానతో పనిలేకుండా ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే అనుమానం గోడలోపలి గొట్టం మీదికి పోవాలి. బాత్రూముకు అవతలివైపు పడగ్గది గోడ ఇలా ఉండడం చాలా ఇళ్లలో చూసేదే.

మూడో దారి గదిలోంచే. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, తడిబట్టలు కలిసి రోజుకు సుమారు పది లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలో వదులుతాయి. ఆ ఆవిరి బయటికి పోకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు వెతుక్కుంటుంది. గది పైమూలలు, బీరువా వెనక, మంచం తలాపు. అక్కడ బూజు మరకలా కాకుండా నల్లచుక్కలుగా వస్తుంది. పెచ్చులూడవు, ఉప్పు రాలదు.

ఏ దారో తేలనప్పుడు మేస్త్రీని పిలవకముందే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. మరక ఉన్నచోట గోడను గుడ్డతో తుడిచి, అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్ నాలుగువైపులా టేపు వేసి అతికించాలి. రెండు రోజులాగి చూస్తే తడి ఫాయిల్‌కు గదివైపు పట్టి ఉంటే అది గదిలో ఆవిరి. గోడవైపు పట్టి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. రెండువైపులా ఉండడమూ జరుగుతుంది. అప్పుడు ముందు గోడ సంగతి చూడాలి.

తీరం లెక్క, కొండ లెక్క

"కిటికీలు తెరవండి" అన్న సలహా అన్ని ఊళ్లకూ ఒకటే అనుకోవడంలోనే పొరపాటుంది. బరంపురం తీరమైదానంలో ఉంది, సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరమే. ఆగస్టులో గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్నప్పుడు ఆ గాలి సుమారు 27 డిగ్రీల వస్తువు దేనికి తగిలినా నీళ్లు వదులుతుంది. అలాంటి రోజున కిటికీ తెరిస్తే గది ఆరదు, బయటి తేమే లోపలికి వస్తుంది. ఏసీ వేసిన గదికి ఆనుకున్న పక్కగది గోడ చెమర్చేది ఇందుకే. ఏసీ ఓ గదిలో, బూజు పక్కగదిలో! ఇక్కడ వానాకాలంలో పనిచేసేది ఫ్యాను. గాలి ఆడుతుంటే గోడ, బట్టలు ఒకేచోట తేమ పట్టుకుని కూర్చోవు. కిటికీలు బార్లా తెరవాల్సింది వాన వెలిసి ఎండ కాసే మధ్యాహ్నాలు, తుపానుల కాలం దాటాక పొడిగాలి మొదలైన రోజులు.

కోరాపుట్, సునాబెడ వైపు సంగతి తిరగబడుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన, దాని వెనకే గట్టి చలి. చలికాలం రాత్రి తలుపులు బిడాయించుకున్న గదిలో గాలి 20 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకుందాం. గోడ 19 డిగ్రీలకు చల్లబడితే చాలు, గోడ దగ్గర తేమ 80 శాతానికి చేరుతుంది. గోడ 15కు దిగితే నీటిచుక్కలే కనబడతాయి. ఎండ తగలని ఉత్తరపు గోడ అంత చల్లబడడం అక్కడ వింతేమీ కాదు. కొండమీద బయటి గాలి చలికాలంలో చల్లగా ఉన్నా దానిలో నీళ్లు తక్కువ. కాబట్టి అక్కడ పొద్దున్నే పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరిస్తే నిజంగానే గది ఆరుతుంది. చలికి భయపడి మూసి ఉంచేదీ, దండెం గదిలో కట్టేదీ అప్పుడే. ఈ ఒక్క రకంలో ఓనరు మాటకు బలముంది.

పాత బరంపురం వీధుల్లో మరో ఇబ్బంది. వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని, వీధివైపు సన్నగా లోపలికి పొడుగ్గా కట్టిన ఇళ్లు అవి. పక్కగోడలు ఉమ్మడివి, కిటికీలకు చోటులేదు. గాలి వీధి వాకిట్లోంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి పోవాలి. ఒకప్పుడు మధ్యలో కాస్త ఆకాశం కనిపించే ఖాళీ ఉండేది. ఇల్లు రెండు వాటాలు చేసి అద్దెకిచ్చేటప్పుడు మధ్య తలుపు మూసేస్తారు, ఖాళీ మీద రేకులు వేస్తారు. ముందు వాటాకు పెరడు ఉండదు, వెనక వాటాకు వీధి ఉండదు. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్లను కిటికీలు తెరవమనడంలో అర్థం లేదు. తెరవడానికి కిటికీ ఏది?

రోడ్డు లేచింది, ఇల్లు దిగింది

ఇరవై ఏళ్లుగా పొడిగా ఉన్న ఇల్లు ఉన్నట్టుండి నేల చెమ్మ పట్టడానికి కారణం చాలాసార్లు ఇంట్లో ఉండదు, వీధిలో ఉంటుంది. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. రెండు మూడు దఫాలకు రోడ్డు అరుగు ఎత్తుకు వస్తుంది, తర్వాత గడప ఎత్తుకు. ఒకప్పుడు నేలకు రెండడుగుల పైన ఉన్న చెమ్మ అడ్డుపొర ఇప్పుడు రోడ్డుకు కిందికి పోతుంది. గోడకు బయట నీళ్లు ఆ పొరకు పైనే తగులుతాయి. పొర ఉన్నా లేనట్టే. ఇలాంటి చోట అద్దెకున్నవాళ్ల తప్పు లేదు, ఓనరు తప్పూ పెద్దగా లేదు, ఖర్చు మాత్రం ఓనరు మీదే పడుతుంది. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి నీటిని తిప్పికొట్టే మందు ఎక్కించే పద్ధతి ఉంది. అది కట్టడానికి సంబంధించిన పని, పదకొండు నెలలకు దిగినవాళ్లు పెట్టుకునే ఖర్చు కాదు.

తుపాను తర్వాతి తొందర

ఈ తీరానికి పెద్ద దెబ్బలు అక్టోబరులోనే తగులుతున్నాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. అక్టోబరంటే నాలుగు నెలల వానకు గోడ అప్పటికే నిండా తాగి ఉండే సమయం. దాని మీద తుపాను నీళ్లు. మళ్లీ దీపావళి, ఆ వెనకే సంక్రాంతి. పండక్కి రంగులు వెయ్యాలి కాబట్టి వేస్తారు.

తడిసిన గోడ ఆరడానికి ఇంజనీర్లు వాడే ముతక లెక్క ఒకటుంది, అంగుళం మందానికి నెల. తొమ్మిది అంగుళాల గోడ ఒకవైపే ఆరితే తొమ్మిది నెలలు, రెండువైపులా గాలి తగిలితే అందులో సగం. కచ్చితమైన లెక్కేమీ కాదు, కానీ జనవరిలో గోడ ఆరలేదని చెప్పడానికి చాలు. పైకి పొడిగా కనిపిస్తుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. దాని మీద పుట్టీ, ప్రైమరు, ఎమల్షన్ పూస్తే నీళ్లకు లోపలే తలుపు వేసినట్టు. ఎండలు ముదిరేసరికి ఆవిరి రంగును లోపలినుంచి తోస్తుంది. గోడ నిజంగా ఆరేది చైత్ర వైశాఖాల్లో, బరంపురంలో ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరిగే ఎండల్లో. రంగులకు మంచి ముహూర్తం సంక్రాంతి ముందు కాదు, తొలకరి ముందు.

సున్నం, ఎమల్షన్

పాత ఇళ్లకు సున్నం కొట్టేవారు. సున్నం గట్టి క్షారం, దాని మీద బూజు తేలిగ్గా మొలవదు. పైగా గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. చేతికి తెల్లగా అంటుకుంటుందనీ పాతకాలపు ముస్తాబనీ దాన్ని వదిలేశారు. ఎమల్షన్ తుడిస్తే శుభ్రపడుతుంది, చూడ్డానికి నునుపు. పొడిగోడ మీద దానికి వంక పెట్టలేం. నేల చెమ్మ ఉన్న గోడకు మాత్రం అది ప్లాస్టిక్ సంచి తొడిగినట్టు. సున్నపు గారతో కట్టిన పాతగోడకు సిమెంటు గిలాబా పూయడం ఇంకో పొరపాటు. కింద దారి మూసుకుపోయిన చెమ్మ ఇంకాస్త పైకి ఎక్కి బయటికి వస్తుంది. మూడడుగుల మరక నాలుగడుగులవుతుంది. ఓనరుకు వాటర్‌ప్రూఫ్ రంగు డబ్బా అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఖర్చు ఎవరిది

ఇల్లు ఒడిశాలో ఉంటే ఒడిశాలో అమలయ్యే చట్టమే వర్తిస్తుంది, అద్దెకున్నవాళ్ల ఊరు ఇచ్ఛాపురమైనా సరే. దేశమంతటికీ పునాదిగా ఉన్నది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 108వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే బయటపడని ముఖ్యమైన లోపం ఇంట్లో ఉండి, అది తనకు తెలిసుంటే, ఓనరు ముందే చెప్పాలి. అద్దెకున్నవాళ్లు ఇంటిని దిగినప్పటి స్థితిలో అప్పగించాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, మనిషి చేతిలో లేని ఉపద్రవం దీనికి మినహాయింపు. ఓనరు చేయాల్సిన మరమ్మతు, చెప్పాక తగిన గడువులో చేయకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో వడ్డీతో మినహాయించుకోవచ్చు.

వినడానికి బాగుంది, మెలిక "చేయాల్సిన" అన్న మాటలో ఉంది. ఫలానా మరమ్మతు ఓనరే చేయాలని ఈ చట్టం జాబితా ఇవ్వదు. అది ఒప్పందంలో ఉండాలి. అసలు ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. మన ఒప్పందాలేమో పదకొండు నెలలవి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాల్సి వస్తుందని ఆ పదకొండు. పాత నమూనా కాపీ చేసి పేర్లు మార్చిన స్టాంపు కాగితంలో గోడల ఊసే ఉండదు. ఒక్కోసారి అది ఒడియాలో ఉంటుంది, కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు చదవకుండానే సంతకం పెడతారు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ ఖాళీని నింపేందుకు రాసింది. ఒప్పందంలో వేరేగా లేకపోతే కట్టడం మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, గొట్టాల మార్పు ఓనరువి. కుళాయి వాషర్లు, కాలవ శుభ్రం, కిటికీ అద్దాలు లాంటివి అద్దెకున్నవాళ్లవి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. ఓనరు చేయని మరమ్మతు ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు, అయితే నెలకు సగం అద్దెకు మించకుండా. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కట్టుబడి ఉంటుంది. అయినా ఒప్పందం రాసుకునేవాళ్లు ఆ జాబితాను అందులో చేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇంగ్లండులో ఇదే తగాదా ప్రాణం మీదికి వచ్చింది. బూజు పట్టిన అద్దె ఫ్లాటులో ఉన్న రెండేళ్ల బాలుడు 2020 డిసెంబరులో చనిపోయాక ఆ పిల్లవాడి పేరుతోనే నిబంధన వచ్చి, 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాలకు, అంటే స్థానిక ప్రభుత్వాలో లాభాపేక్షలేని సంస్థలో తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, అమలవుతోంది. తీవ్రమైన చెమ్మ గురించి ఫిర్యాదు అందితే పది పనిదినాల్లో పరిశీలించాలి. తప్పు ఇంట్లో ఉన్నవాళ్ల అలవాట్లదే అన్న ధోరణి అక్కడా ఆ కుటుంబానికి ఎదురైంది.

ఇక్కడ అంత దూరం పోకుండానే చాలా తగాదాలు తీరుతాయి, కాగితం ఉంటే. దిగేరోజు ప్రతి గోడా ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపడం, మరక కనిపించినరోజే "పడమటి గోడకు చెమ్మ వస్తోందండీ, ఒకసారి చూడండి" అని మెసేజి పెట్టడం. తేదీ దానంతట అదే పడుతుంది. నోటిమాటగా చెప్పింది ఖాళీ చేసేరోజు ఎవరికీ గుర్తుండదు.

ఒంటికి, చేతికి

చెమ్మ ఇళ్లకూ ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలకూ సంబంధముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో పడుకోకుండా చూడాలి. చాపంత మచ్చయితే మాస్కు, చేతితొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడవొచ్చు. పొడిగుడ్డతో రుద్దితే బీజాలు గదంతా ఎగురుతాయి. బ్లీచింగ్ పైపైన తెల్లబరుస్తుంది, గిలాబా లోపలికి దిగదు. దాన్ని బాత్రూం యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులేసిన బాత్రూములో అది ప్రాణాంతకం.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు

వేసవిలో అన్ని ఇళ్లూ పొడిగానే కనిపిస్తాయి. వీలైతే వాన వెలిసిన మర్నాడు చూడాలి. గోడకున్న క్యాలెండరు ఎత్తి వెనక చూడాలి, మెట్లకింద గోడ చూడాలి, గడప రోడ్డుకు పైన ఉందో కింద ఉందో చూడాలి, డాబా ఎక్కి నీటి గొట్టం మూతి చూడాలి. పక్కవాటా వాళ్లను "ఇక్కడ గోడలు నెమ్మొస్తాయా?" అని అడిగితే ఓనరు చెప్పనిది వాళ్లు చెబుతారు. బీరువా పెట్టేటప్పుడు గోడకు బెత్తెడు ఎడం వదలాలి. గోడంతా పాతరంగులో ఉండి కింది మూడడుగులకు మాత్రం కొత్త పుట్టీ వాసన వస్తుంటే, అద్దె ఎంతని అడిగేముందు ఆ మూడడుగుల సంగతి అడగాలి.